నీళ్ల చూపులు

మా పక్కింటి పెద్దమ్మ మొన్న సోమవారం పొద్దున పోయింది. హనుమంతునిపాడు దగ్గర మా ఊళ్లో కూలికి పోయే ఆడవాళ్లందరికీ ఆమే మేస్త్రి. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆమెతో నాకొక వాదం మిగిలిపోయింది, అందుకు రాస్తున్నాను.

ఏటా వానాకాలంలో శ్రీశైలం డ్యాం వార్త టీవీలో రాగానే పెద్దమ్మ వీధిలో కేకేసేది. "గేట్లు ఎత్తినారంట. చూపులకు పోదాం, తయారుగాండి." పెళ్లిచూపుల్లాగా నీళ్ల చూపులట. మరునాడు పదిమందీ సద్ద రొట్టెలు మూట కట్టుకుని మార్కాపురం బస్సెక్కేవాళ్లు. అంత నీటి దగ్గరకు పోతూ అందరి చేతుల్లోనూ ఇంటి నీళ్ల సీసాలే. దారిలో మంచినీళ్లు దొరుకుతాయన్న నమ్మకం మా వైపు ఎవరికీ లేదు.

నాకు ఒళ్లు మండేది. ఆ డ్యాం దగ్గర కరెంటు పుడుతుంది. ఆ కరెంటుతో మా బోర్లు నేల అడుగున మిగిలిన ఫ్లోరైడు నీళ్లను పైకి లాగుతాయి. అవి తాగి మోకాళ్లు వంకరపోయినవాళ్లే కూలి మానుకుని పోయి డ్యామును మెచ్చుకుని వస్తారు. ఇదేం వినోదం? ఒక పత్రికలో ఘాటుగా రాశాను కూడా. పెద్దమ్మ కూతురి చేత దాన్ని చదివించుకుని, సాయంత్రం మా అరుగు మీదికి వచ్చింది.

"ఏంది నాయనా, మేం పోతే నీకేం నొప్పి?"

"నోట్లో చుక్క పడదు గదా పెద్దమ్మా. చూసి ఏం చేస్తారు?"

"ఏడాదంతా వంగి పనిచేసేవాళ్లం. ఊరికే నిలబడి చూసేది ఆ ఒక్క దినమే. దానికి గూడా నీకు అర్జీ పెట్టుకోవాల్నా?"

నా దగ్గర జవాబుంది. చెప్పాను కూడా, చాలాసేపు. ఆమె అంతా విని, "సరే, రేపు నువ్వూ రా" అంది.

వెళ్లాను. గేట్ల కింద నుంచి లేచిన తుంపర రోడ్డు మీదికి కొడుతోంది. ఆడవాళ్లు తలమీది కొంగులు దించి, ముఖాలు పైకెత్తి నిలబడ్డారు. కలుపు తీసే చేతులు ఖాళీగా వేలాడుతున్నాయి. వాళ్లను అంత నిటారుగా నేనెన్నడూ చూడలేదు. పెద్దమ్మ తన సీసా మూత తీసి, మా ఊరి బోరు నీళ్లను రెయిలింగు మీదుగా కిందికి వంచింది.

"ఏం చేస్తాండావు పెద్దమ్మా?"

"మనం చూస్తే సరిపోతాదా? అవతలోళ్లు గూడా మనల్ని చూసుకోవాల గదా."

ఆ తర్వాత రేవులోకి దిగి అదే సీసా నింపుకుంది. "ఈ నీళ్లు మన దిక్కుకు తెచ్చేదానికి కొండ తొలుస్తాండారంట గదా. ఆ సొరంగంలో నుంచి నీళ్లు మన వీధికొచ్చిన దినం, దీన్ని మొదట పంపు కాడ పోస్తా. అప్పుడు పెళ్లి."

సీసా వాళ్లింటి గూట్లో ఉండేది. ఏటా పాత నీళ్లు పోయి కొత్తవి వచ్చేవి. ముహూర్తం మాత్రం రాలేదు.

నా వ్యాసానికి ఇప్పటికీ కట్టుబడే ఉన్నాను, ఒక్క వాక్యానికి తప్ప. తమకు జరుగుతున్నదేమిటో వాళ్లకు తెలియదని రాశాను. ఆ వాక్యం కొట్టేస్తున్నాను. ఆమె ఉండగా కొట్టేయాల్సింది.

చర్చి వెనక సమాధి చేసి వాళ్లింటికి వచ్చాక, ఆ సీసా నీళ్లు ఆమె మీదే పోసి ఉండాల్సిందని ఎవరో అన్నారు. కూతురు ఒప్పుకోలేదు.

"ఇంకా చూపుల కాడనే ఉండాం గదన్నా. పెళ్లికి ఉంచుదాం."

అంతలో వీధిలోకి నీళ్ల ట్యాంకరు వచ్చింది. పరామర్శకు వచ్చినవాళ్లు కూడా బిందెల కోసం లేచారు. లారీ అదురుకు గూట్లోని సీసా కదిలింది. అడుగున పేరుకున్న ఒండ్రు కాస్త పైకి లేచి, మళ్లీ నెమ్మదిగా కూర్చుంది.