సీరియల్ పిల్లగాడూ, మా అమ్మ కుట్టిన బొంతా

మా అమ్మ కుట్టిన బొంత ఇప్పుడు మిర్యాలగూడలో నా కిరాయి గదిలో ఉంది. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, పెద్ద సూదితో వరుసగా కుట్టిన బొంత. ఎత్తితే చేతులు లాగుతాయి. మధ్యలో ఉన్న ఆకుపచ్చ ముక్క, నేను కడుపులో ఉన్నప్పుడు అమ్మ కట్టిన చీరదట. సూర్యాపేటలో మా ఇంట్లో కుక్కర్ విజిల్ వేసినా, చుట్టాలంతా ఒకేసారి మాట్లాడినా నాకు తల దిమ్మెక్కిపోయేది. అప్పుడు అమ్మ ఏమీ అడగకుండా ఈ బొంత తెచ్చి నా మీద కప్పేది. కప్పి, దాని అంచు మీద తనూ కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకునేది. ఆ బరువు కింద నా ప్రాణం కుదుటపడేది. ఈ ఉపాయం ఆమెకు ఏ డాక్టరూ చెప్పలేదు. పసిపిల్లగా గుక్కపెట్టి ఏడుస్తుంటే ఒకసారి బొంత కప్పగానే ఊరుకున్నానట, అంతే.

నేను టెన్త్‌లో ఉన్నప్పుడు హైదరాబాద్‌లో ఒక దవాఖానలో నాకు ఆటిజం అన్నారు. నాన్న దిగులుపడ్డాడు గానీ అమ్మ పెద్దగా పట్టించుకోలేదు. "పేరేదైతేంది, పిల్ల గదే గదా" అని బస్సెక్కింది. మా ఇంట్లో అసలు పరేషాన్ సీరియల్‌తో మొదలైంది.

అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, కోదాడలో ఉండేది. ఒకరోజు ఆమె ఫోన్ చేసి, "అక్కా, టీవీలో అచ్చం మన పిల్లలాంటి పిల్లాడొకడు వస్తున్నాడు, తప్పకుండా చూడు" అంది. పెళ్ళయి కోదాడ పోయాక చిన్నమ్మ మాట ఆంధ్రా వైపు తిరిగిందని అమ్మ ఎప్పుడూ ఆటపట్టించేది. ఆరోజు మాత్రం ఏమీ అనకుండా పొయ్యి ఆపి టీవీ ముందు కూర్చుంది.

మొదటిరోజు ఆ పిల్లగాడు చేతివేళ్ళు ఆడించడం చూసి నాకెంత సంతోషమైందో! నేనూ అట్లాగే ఆడిస్తాను. నా చేతులలాంటి చేతులు టీవీలో చూడటం అదే మొదలు. కానీ నేను ఆడించేది సంతోషమైనప్పుడు. వాడు ఆడిస్తే వయొలిన్ ఏడ్చేది, వాళ్ళమ్మ ఏడ్చేది, నా పక్కన మా అమ్మా ఏడ్చేది. పైగా వాడు ఇంటికప్పు వైపు చూస్తూ ఎంత పెద్ద గుణకారమైనా ఇట్టే చెప్పేసేవాడు. ఇక చిన్నమ్మ పిల్లలు వచ్చినప్పుడల్లా నన్ను కూర్చోబెట్టి గుణకారాలు అడగడమే. లెక్కల్లో నాకు పాసు మార్కులొస్తే మా ఇంట్లో పాయసం వండేవారు, నా సంగతి మీకర్థమయ్యే ఉంటుంది. జవాబు తప్పితే వాళ్ళ ముఖాలు వాడిపోయేవి. నాకు ఒళ్ళు మండిపోయేది. ఈ ఆటిజంలో కూడా నేను ఫెయిలేనా అనిపించేది.

వాడు ఏ చప్పుడు విన్నా చెవులు మూసుకునేవాడు. నేను విజిల్‌కు మూసుకునేదాన్ని గానీ, నాన్న వెంట మిర్యాలగూడ రైస్‌మిల్లుకు పోయినప్పుడు ఆ రొదలో హాయిగా నిద్రపోయేదాన్ని. మిల్లు ఒకే తీరుగా మోగుతుంది, మధ్యలో మనల్ని ఏమీ అడగదు. ఆ తౌడు వాసన, ఆ మోత ఇష్టమయ్యే ఇవాళ అక్కడే ఒక మిల్లు ఆఫీసులో పనిచేస్తున్నాను. సీరియల్ రాసినవాళ్ళు నాలాంటి వాళ్ళను ఒక్కరినైనా అడిగి ఉంటే ఇలాంటి ముచ్చట్లు ఎన్ని చెప్పేవాళ్ళమో.

ఒకరోజు సీరియల్లో డాక్టరు, పిల్లవాణ్ణి దాక్కోనివ్వొద్దు, నలుగురిలోకి తీసుకురండి అని చెప్పాడు. తెల్లారేసరికి నా బొంత సజ్జ మీదికెక్కింది. ఎందుకమ్మా అంటే, గట్ల దాక్కుంటే బాగుపడవట బిడ్డా అంది. బొంత ఒక్కటే అయితే ఎట్లాగో ఓర్చుకునేదాన్ని. అప్పటిదాకా నన్ను చూసి నా సంగతి తెలుసుకున్న మనిషి, ఇప్పుడు టీవీ చూసి తెలుసుకుంటోంది. మా పాత అమ్మ ఇక తిరిగి రాదేమోనని బాత్‌రూంలో కూర్చుని ఏడ్చేదాన్ని.

చివరికి ఒకరోజు సీరియల్లో తల్లి ఆ పిల్లగాణ్ణి నిండు పెళ్ళిపందిట్లో గట్టిగా వాటేసుకుంది. వాడు మొదటిసారి "అమ్మా" అన్నాడు. మా వాడకట్టంతా కళ్ళు తుడుచుకుంది. ఆ వారంలోనే కోదాడలో చిన్నమ్మ వాళ్ళ కొత్తింటి గృహప్రవేశం. షామియానా, మైకు, బంతుల కొద్దీ జనం. నేను అప్పటికే చెవులు మూసుకుని గోడకు ఆనుకుని ఉన్నాను. అమ్మ వచ్చి, అందరి ముందూ, నన్ను గబుక్కున వాటేసుకుంది. ఒంటి మీద నిప్పులు పోసినట్టయింది. నెట్టేశాను. అమ్మ షామియానా గుంజకు తగిలి చేతి గాజులు పగిలాయి. శుభకార్యంలో ఇదేం చోద్యమని ముసలమ్మలు బుగ్గలు నొక్కుకున్నారు. అమ్మ గాజుముక్కలు ఏరి పక్కన పడేసింది. భోజనం కూడా చేయకుండా నన్ను తీసుకుని సూర్యాపేట బస్సెక్కింది.

ఇంటికొచ్చేసరికి సీరియల్ వేళయింది. పక్కింట్లోంచి వయొలిన్ వినబడుతోంది. అమ్మ మా టీవీ పెట్టలేదు. స్టూలెక్కి బొంత దింపి, దుమ్ము దులిపి, నా మీద కప్పింది. అంచు మీద కూర్చుంది. వయొలిన్ ఆగాక అడిగింది.

"గా పిల్లగాన్ని సూస్తే నీకెట్లనిపిస్తది బిడ్డా?"

ఆ మాట నన్ను అడిగిన మొదటి మనిషి మా అమ్మే. బొంత కిందినుంచే చెప్పాను.

"వాడు కనవడితె సాలు నువ్వేడుస్తవ్. నన్ను సూసి గూడ గట్లనే ఏడుస్తవేమోనని భయమైతదమ్మా."

అమ్మ బొంత మీద ఇంకొంచెం లోపలికి జరిగి, ఇంకొంచెం బరువుగా కూర్చుంది. ఆ బరువు నాకిప్పటికీ గుర్తే.

ఈ మధ్య ఇంకో సీరియల్ వస్తోంది. ఇందులో ఆడపిల్లకు ఆటిజం. చిన్నమ్మ మళ్ళీ అందరికీ ఫోన్లు చేసింది. మొన్న అమ్మ ఫోన్ చేస్తే, చూస్తున్నావా, ఎట్లుందని అడిగాను.

"మంచిగనే చేస్తున్నది పిల్ల" అంది. మళ్ళీ తనే, "గని గా పిల్లకు ఎవ్వలు బొంత కప్పుతలేరు. సూడలేక టీవీ బంద్ వెట్టిన" అంది.