పిన్నిగారు సంతకం చేయని కాగితం

పంపుల కర్మాగారంలో ముప్పై ఒక్కేళ్లుగా రికార్డు గదిని ఏలుతున్న ఆవిడను మేనేజరు మొదలుకొని వాచ్‌మన్ దాకా అందరూ పిన్నిగారనే పిలిచేవారు. ఏ కాగితం ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగల మనిషి. అటువంటి మనిషి చేతనే అరలన్నీ ఖాళీ చేయించి, కాగితాలను తుక్కుకు పంపించారు. ఇకమీదట ప్రతి పత్రాన్నీ స్కాన్ చేసి, లెక్కల సాఫ్ట్‌వేర్‌లో దానికి చెందిన ఎంట్రీకి తగిలించాలట.

“అవి ఉండేదెక్కడ బాబూ?” అని, డేటాబేసు అమర్చడానికి వచ్చిన నిపుణుణ్ణి ఆవిడ అడిగింది.

“ఆ తలనొప్పి మీకెందుకండీ? మీరు తగిలించండి, అదే దాచుకుంటుంది.”

ఆవిడ తగిలించింది.

మూడు నెలల తరువాత, లేత్ మిషన్‌లో చెయ్యి నలిగి మంచాన పడ్డ టర్నరు తిరిగి పనిలో చేరడానికి వచ్చాడు. రూలు ప్రకారం సెలవు అర్జీ కనబడకపోతే చెప్పకుండా మానేసినట్టే, ఉద్యోగం ఊడుతుంది. అతని ఎంట్రీ పక్కన, పత్రం తగిలించినట్టు చూపే పిన్ను గుర్తు నిక్షేపంగా ఉంది. నొక్కితే మాత్రం, పత్రం దొరకలేదని వచ్చింది. మొదటి పక్షం రోజుల్లో తగిలించినవన్నీ అంతే.

పిన్నిగారు ఎకౌంటెంటు పక్కన కూర్చుని సెట్టింగులు తెరిపించింది. ఆ పక్షం రోజుల నిల్వకు దారి నిపుణుడి సొంత ల్యాప్‌టాప్‌లోకి చూపిస్తోంది. తరువాత ఆఫీసు సర్వర్లో కొత్త డేటాబేసు తెరిచిన ఆ మహానుభావుడు, ల్యాప్‌టాప్‌లోని పాతదాన్ని అందులోకి చేర్చనే లేదు. ఫోను చేస్తే, “అది ట్రయల్ కదండీ, ల్యాప్‌టాప్ ఎప్పుడో తుడిచేశాం,” అన్నాడు, గచ్చు తుడిచినంత తేలిగ్గా.

మేనేజరు తన గదిలో, టర్నరు ఎదుటే, ఒక కాగితం ముందుకు జరిపాడు. “అర్జీ అందలేదని ఒక సంతకం పడేయండి పిన్నిగారూ.”

“అందింది. నేనే స్కాన్ చేశాను.”

“రుజువేదండీ?”

“తుక్కుకి పంపమన్నారుగా. పంపాను.”

“నాలుగు నెలల్లో రిటైరవుతున్నారు. మీకెందుకీ గొడవ?”

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒకరి నిర్లక్ష్యానికి మరొకడి కూడు తీసేయడమా? అందుకు తన ముప్పై ఒక్కేళ్ల సంతకం కావాలా? ఆ కాగితాన్ని వెనక్కి నెట్టేసి, అక్కడే కూర్చుని రెండు పేజీలు రాసింది: అర్జీ ఏ తేదీన అందిందో, ఏ ల్యాప్‌టాప్‌లోకి పోయిందో, అసలు ప్రతిని తుక్కుకు పంపమన్నదెవరో.

“పైఆఫీసుకి పంపండి. నా నకలు మీద అందినట్టు సంతకం పెట్టండి.”

“ఇందులో నా పేరెందుకండీ?”

“తుక్కుకి పంపమన్న ఉత్తర్వు మీద ఎవరి పేరుంటే వాళ్ల పేరే రాశాను.”

మేనేజరు కాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. చివరికి గొంతు తగ్గించి టర్నరుతో, “పాత తేదీ వేసి ఇంకో అర్జీ రాసివ్వవయ్యా,” అన్నాడు.

“పాత తేదీ వద్దు,” అంది పిన్నిగారు. “ఇవాళ్టి తేదీనే వేస్తాడు. మొదటిది మనమే పోగొట్టామని కింద మీరు రాయండి.”

“అంత అవసరమా పిన్నిగారూ?” అని గొణిగాడు టర్నరు.

“నువ్వూరుకో నాయనా. తప్పు నీది కాదు.”

మేనేజరు రాశాడు, సంతకం పెట్టాడు. సోమవారం నుంచి పనిలోకి రమ్మని టర్నరుకు చెప్పాడు. వెళ్లబోతున్న పిన్నిగారిని ఆపి, “దీన్నీ స్కాన్ చేసి తగిలిస్తారా?” అని అడిగాడు.

“తగిలిస్తాను. కాగితం మాత్రం నా బీరువాలో ఉంటుంది,” అని ఆవిడ తలుపు తీసుకుని వెళ్లిపోయింది.