దవడకు గుడ్డ

మొన్న మా మేనత్త పోయింది. ఆఫీసులో ఉండగా పెదనాన్న ఫోన్ చేసి, "మీ అత్త తెల్లారి లేయలేదమ్మా, నిద్రలోనే పోయినాది" అన్నాడు. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి కె.ఆర్.పురం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వాకిట్లో చుట్టాలంతా ఒకటే మాట, "పాపం, నోట్లో నాలుక లేని మనిషి" అని. నాకు ఒళ్ళు మండిపోయింది. తెలియనివాళ్ళంటే సరే, ఆమె పడిన బాధంతా కళ్ళారా చూసినవాళ్ళే అలా అంటుంటే ఎలా ఊరుకోవడం? అందుకే ఇది రాస్తున్నాను.

మా అత్త చిన్నప్పుడు మిద్దె మెట్ల మీంచి జారి గడ్డం నేలకు కొట్టుకునేలా పడింది. గడ్డం చీలింది. పైన ముందుపన్ను ఊడొస్తే ఎవరో కడిగి మళ్ళీ అదే గుంటలో నొక్కేశారు. కాంపౌండర్ గడ్డానికి కుట్లు వేసి పంపేశాడు. చెవి ముందు వాచి ఉంటే ఎవరూ తాకి చూడలేదు. దెబ్బ తగిలింది గడ్డానికైనా, విరిగింది అక్కడ, దవడ కీలు దగ్గర. ఇక ఇంట్లోవాళ్ళ తెలివి చూడండి. కుట్లు పిగులుతాయని పాత పంచె చించి, గడ్డం కింద నుంచి నడినెత్తి దాకా బిగించి కట్టారు. మాట్లాడకూడదు, నమలకూడదు, గంజి తాగాలి. పుండు మానాక కూడా కట్టు విప్పలేదట. పిల్ల అల్లరి తగ్గింది కదా అని ఇంకొన్నాళ్ళు ఉంచారట. ఈ ముక్క మా నాయనమ్మే నవ్వుతూ చెప్పేది. నాకు మాత్రం ఎన్నడూ నవ్వు రాలేదు.

కట్టు విప్పాక నోరు తెరుచుకోవడం నెలనెలకీ తగ్గుతూ వచ్చింది. దిష్టి అన్నారు, మొండితనం అన్నారు, తాయెత్తు కట్టించారు. విరిగిన కీలు కదలిక లేక తలఎముకతో అతుక్కుపోతోందని ఎవరికీ తట్టలేదు. పెద్దదయ్యేసరికి పళ్ళ మధ్య చిటికెనవేలి గోరు దూరేంత సందు మిగిలింది. గడ్డం ఎదగక వెనక్కే ఉండిపోయింది.

అందరూ తిన్నాక వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుని తినేది. చారన్నం మెత్తగా పిసికి బుగ్గ పక్క సందులోంచి వేలితో తోసుకునేది. పెళ్ళిళ్ళకు వచ్చినా పంక్తిలో కూర్చునేది కాదు. అంతమాత్రాన నోరు లేదనుకునేరు! బిగిసిన పళ్ళ మధ్య నుంచే అంత వేగంగా తిట్టగలిగిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. వానాకాలంలో బండిమీద మొక్కజొన్న కంకులు కాలుస్తుంటే మాత్రం గమ్మున నిలబడి చూసేది. "ఒక్కతూరి కొరకాలమ్మీ" అనేది. మిగతావాళ్ళు పక్కనే నిలబడి కంకి తింటూ జాలిపడేవాళ్ళు.

తొంభైల్లో నాకు ఉద్యోగం వచ్చి, అత్త ఉండే పెదనాన్న ఇంట్లోనే నేనూ ఉంటున్నప్పుడు ఆమెకు పంటినొప్పి పట్టుకుంది. తోముకోవడానికి వీల్లేని పళ్ళు పుచ్చక ఏంచేస్తాయి? పళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడి సర్జన్ పళ్ళు చూడకముందే ఆమె చెవుల ముందు రెండువేళ్ళు ఆనించి, "నోరు తెరవండి" అంది. ఏమీ కదల్లేదు. ఎక్స్-రే చూసి, "పడ్డాక వాపు తగ్గగానే మెల్లగా కదిలించాల్సిన దవడని కట్టి ఉంచారు. ఇప్పుడది ఒకటే ఎముక" అంది. పొట్టిగా పైకే నిలిచిపోయిన ముందుపన్ను కథా అంతే. తిరిగి పెట్టిన పన్ను ఎముకకు అతుక్కుంది, పక్కపళ్ళు కిందికి దిగినా అది దిగలేదు. తీగలు కట్టి లాగినా రాదనీ, ఇన్నాళ్ళు నిలవడమే ఆశ్చర్యమనీ చెప్పింది.

"అది మొండిదిలే డాక్టరమ్మా, నా మాదిరి" అంది మా అత్త.

నోరు తెరుచుకోదు కాబట్టి, మెలకువగా ఉండగానే ముక్కులోంచి గొట్టం దింపి మత్తు ఇచ్చారు. అతుక్కున్న ఎముకను కోసి తీసి, ఖాళీలో పక్కనున్న కండపొర మడిచి పెట్టారు. "నా పని అయింది, అసలు వైద్యం మీ ఇంట్లో ఉంది" అంది సర్జన్. ఐస్‌క్రీమ్ పుల్లలు కట్టగా పళ్ళ మధ్య దూర్చి, రోజూ పుల్లలు పెంచుకుంటూ పోవాలి. ఏడుపొచ్చినా ఆపకూడదు. ఆపితే ఎముక మళ్ళీ అతుక్కుంటుంది.

నిజంగానే ఏడ్చింది. ఆ ఏడుపు విని చుట్టాలు బారులు తీరారు. "ఎందుకప్పా ఈ హింస? ఇన్నేండ్లు బతకలేదా?" అన్నారు. ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పుల్లలు లేవు. పెదనాన్న చెల్లెలి మీద ప్రేమకొద్దీ పొయ్యిలో పడేశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు నిజమే. కానీ ఆనాడు పంచె చించినవాళ్ళదీ ప్రేమేగా! అప్పటికే ఆమె నోరు బిగుసుకోవడం మొదలైంది.

మా అత్త లేచి, బుగ్గకు కట్టు ఉండగానే, అన్న ఎదురుగా నిలబడింది.

"నీ జాలి నాకొద్దన్నా. చిన్నప్పుడు కట్టినారు, ఊరకున్నా. ఇంగ ఊరకుండను. నా దవడ నాకు కావాల."

తనే వెళ్ళి కొత్త పుల్లలు కొనుక్కొచ్చింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మానలేదు. నోట్లో పుల్లల కట్టతోనే వాకిట్లో నిలబడి, కూరగాయల బండివాడితో చేతిసైగలతో బేరమాడేది. పుల్లలు తీయగానే, "నొప్పి సాయంత్రానికి పోతాది, ఎముక పట్టుకుంటే పోదు" అనేది.

ఒక వానరోజు స్టేషన్ దగ్గర కంకి కొనిచ్చాను. నిమ్మచెక్క రుద్దించుకుని, గొడుగు నా చేతికిచ్చి, రోడ్డువైపు తిరిగి, అందరూ చూస్తుండగా కొరికింది. గడ్డమంతా మసి.

మొన్న నేను లోపలికి వెళ్ళేసరికి పెద్దమ్మ పాత చీర అంచు చించుతోంది. పోయినవాళ్ళ దవడకు గుడ్డ కట్టడం మాలో ఆచారం.

"కట్టొద్దు పెద్దమ్మా" అన్నాను.

"కట్టకపోతే నోరు తెరుచుకోనే ఉంటాది, చూసేకి బాగుండదమ్మా."

"ఉండనీ. ఆ నోరు తెరవడానికి ఆమె ఎంత ఏడ్చిందో ఈ ఇంట్లో అందరూ విన్నారు. మళ్ళీ కడతారా?"

నా గొంతు వీధిలోకి వినబడింది. విననీ అనుకున్నాను. గుడ్డ లాక్కున్నాను. పెదనాన్న ఆ గుడ్డవైపు చూశాడు. తర్వాత పెద్దమ్మతో, "సుమ్నె ఉండు, గమ్మునుండు. కట్టొద్దు" అన్నాడు.

ఆచారం ప్రకారం ఆమె నోట్లో బియ్యం వేసే వేళకు ఆయనే ముందు వంగాడు. వేళ్ళతో ఏదీ విడదీయాల్సిన పని లేకపోయింది. నోరు కొద్దిగా తెరుచుకునే ఉంది. గింజలు లోపలికి జారాయి. ఒకటి మాత్రం ఆ పొట్టి పన్ను కింద, పక్కపళ్ళు దిగినా అది దిగని ఖాళీలో, తెల్లగా ఆగింది.