మా బావ పట్టుకున్న దొంగ

“మీ ఈగల డాక్టరు పోయాడంట గదా మేష్టారూ!”

మా బావగారి మరణవార్త నాకు అందిన తీరు ఇది. నరసరావుపేట నుంచి రైల్లో వచ్చిన ఒక పొగాకు వ్యాపారి మాచర్ల స్టేషను బయట నన్ను చూసి, నోట్లో చుట్ట తియ్యకుండానే ఆ మాట అన్నాడు. ఒకప్పుడు అతని కొడుకు గవద బిళ్ళలకు వైద్యం చేసింది ఆ ఈగల డాక్టరే. మనిషి పోయినా మనవాళ్ళు పెట్టిన పేరు పోనివ్వలేదు.

బావ వీపు మీద రాచకురుపు లేచి, దానితోనే పోయారు. షుగరు ఉంది కాబట్టి మానలేదని గుంటూరు డాక్టర్లు చెప్పారు. కావచ్చు. మార్చి మార్చి ఇచ్చిన మందుల్లో ఒక్కదానికీ లొంగని ఆ పుండు ఆయనకు ఎక్కడ అంటుకుందని అడిగితే మాత్రం గోడ గడియారం చూశారు. తమ తప్పు ఒప్పుకోని డాక్టర్ల చూపు, నాకు తెలుసు.

చర్చిలో ప్రార్థన అయ్యాక ఒక మున్సిపల్ కౌన్సిలరు లేచి మా బావను మహామనిషి అన్నాడు. పై కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. నేను నమ్మలేదు. ఆ కన్నీళ్ళ వెనక ఏముందో ఊరికి తెలియదు గనక ఇక్కడ రాస్తున్నాను.

నరసరావుపేటలో మా బావది చిన్న ఆసుపత్రి. ముందు గదిలో రోగుల్ని చూసేవారు, వెనక పెంకుటి వసారాలో మంచాలు. వసారా గోడకు అవతల ఈ కౌన్సిలరు గారి పెంటకుప్ప. ఏడాదంతా పేరబెట్టి, వేసవిలో పొలానికి తోలడం మన దగ్గర రివాజు. కుప్ప ఎంత ఎత్తయితే రైతు అంత గొప్ప. పుళ్ళకు కట్టి విప్పిన గుడ్డల్ని మొదట్లో పెరట్లోనే కాల్పించేవారు బావ. ఒకరోజు కౌన్సిలరు గోడ మీదుగా తల పెట్టాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

“డాక్టరు గారూ, ఇళ్ళ మధ్యన ఏంది ఈ కాష్టం వాసన? మా కోడలు నీళ్ళోసుకుంది. మనిషి చీమూ నెత్తురూ కాలిస్తే ఆ పొగ పిల్లకు మంచిదా?”

“మరి ఎక్కడ పారెయ్యమంటారు?”

“మా కుప్ప మీద గిరాటెయ్యండి. అదీ ఎరువేగా!”

ఇరుగుపొరుగు ఆడవాళ్ళందరూ ఆయనకే వంత పాడారు. బావ సరేనన్నారు. ఆనాటి నుంచి చీము గుడ్డలు గోడ దాటి పెంట మీద పడుతూ వచ్చాయి.

అవి పెన్సిలిన్ అంటే అమృతమనుకునే రోజులు. రోగి వచ్చీ రాగానే “సూది వెయ్యండయ్యా” అనేవాడు. రెండు సూదులకు నొప్పి తగ్గితే మూడోదానికి కనబడేవాడు కాదు. బజారులో మందుల షాపాయన కురుపుకూ, చెవిపోటుకూ, ఎవరడిగితే వాళ్ళకు సీసా చేతిలో పెట్టేవాడు. కొన్నాళ్ళకు మా బావ వసారాలో పుళ్ళు మానడం మానేశాయి. చిన్న గాయంతో వచ్చినవాడు పెద్ద పుండుతో పోతున్నాడు. అంతకు ముందు ఒక్క వారంలో లేచి నడిచినవాళ్ళు మంచం దిగడం లేదు.

పెన్సిలిన్ పొడి సీసాలో వస్తుంది. నీళ్ళు కలిపేది కాంపౌండరు. మా బావ కాంపౌండరు గురజాల మనిషి, మాట తక్కువ, చెయ్యి నెమ్మది. “ఒక సీసాను మూడు చేస్తున్నాడంట. మిగిలినవి గురజాలలో అమ్ముకుంటన్నాడంట” అని మొదట అన్నది మందుల షాపాయనే. ఆయన బావమరిది ఒకడు పని లేక తిరుగుతుండేవాడు. ఈ రెంటికీ సంబంధం లేదని ఎవరైనా అంటే వినడానికి నేను సిద్ధమే, నమ్మడానికి కాదు.

బావ స్వభావం అనుమానం. మా అక్క వండిన చారు మీద మూత లేకపోతే ఆ పూట మజ్జిగతో సరిపెట్టుకునేవారు. “నన్నూ నమ్మరు గదా, వంట కూడా మీరే చేసుకోండి, తీరిపోద్ది” అనేది అక్క. థర్మామీటరు కూడా రెండుసార్లు పెడితే గాని ఆయన ఒప్పుకునేవారు కాదు. అలాంటి మనిషి చెవిలో ఆ మాట పడింది. ఒక ఉదయం కాంపౌండరును పిలిచి, రేపటి నుంచి రావద్దన్నారు. అతను కారణం అడగలేదు. తెల్లకోటు విప్పి, మడత పెట్టి, బల్ల మీద ఉంచి వెళ్ళిపోయాడు. అడగకపోవడమే తప్పు ఒప్పుకోవడమని బజారు తేల్చేసింది. దొంగ కాంపౌండరుకు ఎవరు పని ఇస్తారు? గురజాలలో సైకిళ్ళు అద్దెకిచ్చే కొట్లో పంక్చర్లు వేస్తున్నాడని తెలిసింది.

తరవాత మందు బావే కలిపారు. సీలు తానే తీశారు, సూది తానే పొడిచారు. పుళ్ళు మానలేదు.

అప్పుడు చూడవలసింది ఆయన ముఖం. వసారాలో స్టూలు వేసుకొని పగలంతా ఊరికే కూర్చున్నారు. మలేరియా వాళ్ళు గోడలకు డి.డి.టి. కొట్టి పోయేవాళ్ళు. మొదటి ఏడాది ఈగలు కుప్పలుగా రాలాయి. ఇప్పుడు అదే గోడ మీద కూర్చుని కాళ్ళు రుద్దుకుంటున్నాయి. అందులో ఒకటి గోడ దాటి వెళ్ళింది, చీము గుడ్డ మీద వాలింది, తిరిగొచ్చి మంచంలో ఉన్నవాడి కట్టు అంచున కూర్చుంది. అదే ఈగ అని ఎట్లా చెప్పగలరని అడిగాను. “చెప్పలేను. అందుకే ఈగనే అడగాలి” అన్నారు.

గుంటూరు లాబొరేటరీలో ఆయనతో చదివినవాడు ఒకడున్నాడు. క్రిములను పెంచే గాజు పళ్ళాలు అతని దగ్గర నుంచి తెచ్చి, ఈగల్ని పట్టి వాటి మీద నడిపించి, రోగుల చీమును వేరే పళ్ళాలకు రాసి, అన్నీ తీసుకుని రైలెక్కారు. తిరిగి వచ్చాక నాతో చెప్పారు. ఈగ కాళ్ళ మీదా పుండులోనూ ఉన్నది ఒకే క్రిమి. పెన్సిలిన్ చుక్క పక్కనే హాయిగా పెరిగింది. సగంలో ఆపేసిన సూదులు దాన్ని రాటుదేల్చాయి, పెంటకుప్ప దానికి ఇల్లిచ్చింది, ఈగ బండి కట్టింది.

ఈ సంగతి ఆయనకూ, నాకూ, గుంటూరు మిత్రుడికీ తప్ప ఎవరికీ తెలియదు. గుట్టుగా ఈగలు దూరని జాలీ తలుపులు పెట్టించుకొని ఊరుకుంటే ఆసుపత్రికి ఢోకా లేదు. కాంపౌండరు దొంగగా మిగిలిపోతాడు, అంతే. నేను చదివిన చరిత్రల్లో ప్రతి మహమ్మారికీ జనం ముందు ఒక మనిషిని పట్టుకున్నారు. ఎలుకా దోమా ఆ తరవాతే బయటపడ్డాయి. పట్టుకున్నవాడి పేరు తిరిగిచ్చిన సందర్భాలు నాకు ఎక్కువ కనిపించలేదు.

బావ ఆదివారం బజారు నిండుగా ఉన్నప్పుడు మందుల షాపు ముందు నిలబడి గట్టిగా చెప్పారు: “మా కాంపౌండరు దొంగ కాదు. మందులో ఒక్క చుక్క నీళ్ళు ఎక్కువ కలపలేదు. నా వసారాలో రోగం ఈగల వల్ల అంటుకుంది. తప్పు నాది.”

షాపాయన కాటా పక్కన పెట్టి, “అయితే ఈగకి సంకెళ్ళు వేయిస్తారా డాక్టరు గారూ?” అన్నాడు. బజారంతా గొల్లుమంది.

“పెంటకుప్ప తీయించమనండి, చాలు.”

“వేసవి రానీ!” అన్నాడు కౌన్సిలరు, నవ్వుతూనే. అది పేరుకు వేసవిలో తోలారు, మళ్ళీ అక్కడే వేశారు.

ఆసుపత్రిలోనే రోగం అంటుకుంటుందని డాక్టరే ఒప్పుకున్నాక ఎవరు వస్తారు? పొరుగు మాటలు లెక్కచెయ్యకుండా ఆయన మళ్ళీ గుడ్డలు కాల్పించారు, తలుపులకు జాలీ కొట్టించారు, పుళ్ళు మానడం మొదలైంది. కానీ మంచాలు ఖాళీ అయ్యాయి. ఈగల డాక్టరు అన్న పేరు మిగిలింది.

ఆయనతో పాటు గురజాల నేనూ వెళ్ళాను. కాంపౌండరు ట్యూబు నీళ్ళలో ముంచి చూస్తున్నాడు. బావ తిరిగి రమ్మన్నారు.

“అనుమానించినందుకు బాధ లేదు డాక్టరు గారూ. మీరు అందర్నీ అనుమానిస్తారు. నన్ను ఒక్క మాట అడిగి అనుమానించాల్సింది. నేను రాను.”

బజారులో చెప్పిన మాట గురజాల దాకా పాకి, అక్కడి డాక్టరు ఒకాయన అతన్ని పనిలో పెట్టుకున్నాడు. బావకు అదే చాలనిపించింది. “అనుమానానికి ఒక వరస ఉండాలి. ముందు నన్ను నేను అనుమానించుకోవాలి. నేను నా దగ్గరికి చివర్న వచ్చాను” అని చాలాసార్లు అనేవారు. తరవాతి ఏళ్ళన్నీ, కొత్త రోగి వచ్చినప్పుడల్లా, తన చేతులు తానే ఎండలో తిప్పి తిప్పి చూసుకునేవారు. నా జీవితంలో తన తప్పు తాను బజారులో చెప్పిన డాక్టర్ని ఒక్కణ్ణే చూశాను. ఆ పాఠానికి ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

సమాధుల దొడ్డి నుంచి మేము తిరిగి వచ్చేసరికి పెద్దలంతా ఆసుపత్రి అరుగు మీద కాఫీలు తాగుతున్నారు. గురజాల బస్సు ఆలస్యమై, మట్టి వెయ్యడానికి అందలేక, కాంపౌండరు అప్పుడే దిగాడు. జుట్టు నెరిసింది. అరుగు మీద ఎవర్నీ పలకరించలేదు. తిన్నగా వసారాలోకి నడిచాడు.

అక్కడ ఒక్కడే రోగి ఉన్నాడు. కాలికి గొర్రు దిగిన రొంపిచెర్ల రైతు. ఈ హడావిడిలో అతని కట్టు మార్చేవాళ్ళు లేకపోయారు.

“అయ్యా, డాక్టరు గారే పోయినాక నన్నెవరు చూస్తారు? బండి కట్టించుకొని పోమంటారా?”

“ఎక్కడికి పోతావు పెద్దాయనా, కాలు ఇటు పెట్టు.”

మా అక్క వేడినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. “ఎప్పుడనగా బయలుదేరావో, అన్నం తిని చెయ్యరాదా తమ్ముడూ?”

“ఇది కానియ్యండమ్మా.” చేతులు కడుక్కొని కట్టు విప్పసాగాడు.

“సూది కూడా పొడుస్తావా?” అన్నాడు రైతు, పళ్ళు బిగబట్టి.

“దాని సంగతి రేపు పొద్దున చూద్దాం. కాలు కదిలించమాక.”

రేపు అన్నాడు. అక్క వసారా చివరకు వెళ్ళి, గోడవార ఉన్న మంచం మీద అతనికి పరుపు పరిచి, రెండు చేతులతో నిమురుతూ దుప్పటి ముడతలు సరిచేస్తూ ఉండిపోయింది.