స్టార్టర్‌లో పుల్ల

మార్చి నెల, మూడో సోమవారం సాయంత్రం. గరిడేపల్లి అవతల తమ్ముడి పొలం, బావి దగ్గర. ఉన్నవాళ్లు: నేను, తమ్ముడు, మరదలు, వాళ్ల పెద్దకొడుకు.

మిర్యాలగూడ బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు కాపురం సూర్యాపేటలో. యాసంగి వరి ఎట్లా ఉందో చూద్దామని ఆ రోజు వెళ్లాను. కంకులు వేసి, గింజ పాలు పోసుకుంటోంది. ఇంకో రెండు తడులు అందితే పంట చేతికొస్తుంది. అందకపోతే తాలే. తమ్ముడికి వేరే ఆధారం లేదు.

కరెంటు లైనులో అతని మోటారే చివరిది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బయలుదేరిన వోల్టేజిలో కొంత దారిలోని తీగల నిరోధానికే ఖర్చయిపోతుంది. ఎన్ని మోటార్లు నడిస్తే తీగల్లో అంత కరెంటు, అంత నష్టం. అందరూ నీళ్లు పెట్టే వేళకు ఇక్కడి బల్బు నిప్పుకణికలా ఎర్రబడుతుంది. అప్పుడు స్టార్టర్ తనంతట తనే వదిలేసి మోటారును ఆపుతుంది. ఆపేది మోటారు కాలిపోకూడదనే. మా వైపు రైతులకు అది గిట్టదు. స్టార్టర్ లోపలి పట్టీని నొక్కిపట్టి, మళ్లీ వదలకుండా సందులో ఒక వేపపుల్ల దూరుస్తారు.

నేను వెళ్లేసరికి పుల్ల ఉండనే ఉంది. మోటారు మూలుగుతోంది. స్టార్టర్ డబ్బా మీది వోల్టు ముల్లు కిందికి పడిపోయింది, ఆంపియర్ ముల్లు ఎర్రగీత దాటి పోయింది.

"పుల్ల తియ్యి. మోటారు కాలిపోతది," అన్నాను.

పెద్దకొడుక్కి నలభై ఏళ్లు. ఒకప్పుడు నా క్లాసులోనే కూర్చున్నాడు. నవ్వాడు.

"పెద్దనాయినా, బోర్డు మీద నువ్వే రాసినవ్ గద, వోల్టేజి తగ్గితే కరెంటు తగ్గుతదని. తక్కువ కరెంటుకు మోటరెట్ల కాలుతది?"

"అది బల్బుకురా, ఇస్త్రీపెట్టెకు. గీ ఆంపియర్ ముల్లు సూడు."

"మీటరు ఖరాబైంది."

నా పాఠంతోనే నా నోరు మూయించాలని చూశాడు. అయినా చెప్పాను. మోటారు చుట్టలో తీగ నిరోధం చాలా తక్కువ. కరెంటును అదుపులో పెట్టేది తిరగడం వల్ల దానిలోనే పుట్టే ఎదురు వోల్టేజి. బావి లోతు తగ్గదు, నీళ్ల బరువు తగ్గదు. వోల్టేజి తగ్గితే మోటారు వేగం తగ్గుతుంది, ఎదురు తగ్గుతుంది, ఆ బరువే మోయడానికి మోటారు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. చుట్ట మీది వార్నిష్ దానికి ఎంతసేపు ఆగుతుంది?

"అయిపోయిందా క్లాసు?" అన్నాడు తమ్ముడు.

మరదలు మాత్రం, "బావ చెప్పింది ఇంటే ఏం పోతది? జర సేపు ఆపు," అంది.

"నీకేం ఎరుక? ఇయ్యాల నీళ్లు లేకుంటే రేపు తాలు చెరుగుతవ్," అన్నాడు తమ్ముడు.

నేనే వెళ్లి పుల్ల పీకాను. ఠక్కున స్టార్టర్ వదిలింది. మోటారు ఆగింది. కాలువలో నీళ్లు పలచబడుతుంటే తమ్ముడు అటే చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"అన్నా, గా మోటరెవలది?"

ఇంతకాలంలో నన్ను అట్లా అడిగింది అదే మొదలు. నేను పుల్ల ఇచ్చేశాను. మళ్లీ దూర్చాడు. రాత్రి వాళ్లింట్లోనే తిన్నాను. మరదలు తప్ప ఎవరూ నాతో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున అందరం బావి దగ్గరికి వెళ్లాం. గట్టు ఎక్కక ముందే మాడిన వార్నిష్ వాసన వచ్చింది. కాలువ సగం దాకా తడిసి ఉంది, చివరి మళ్లు ఎండి ఉన్నాయి. మోటారును విప్పి ఆటోలో వేసుకుని పెద్దకొడుకు కోదాడ వైండింగ్ షాపుకు పోయాడు. కాసేపటికి ఫోన్ చేశాడు. షాపు ముందు కాలిన మోటార్లు వరసగా ఉన్నాయట, వారం దాకా కాదన్నారట. మరదలు గట్టు మీద కూలబడి ఒక కంకి తెంపి గింజ నొక్కింది. ఇంకా పాలే.

పక్క పొలం రైతు వచ్చి ఏమైందని అడిగాడు.

"మా అన్న నిన్న కాలుతదన్నడు. కాలింది," అన్నాడు తమ్ముడు. "ఆయన నోరు గసుంటిది, అన్నదే అయితది."

నేను సంచి తీసుకున్నాను. తమ్ముడు స్టార్టర్ డబ్బా కింద పడి ఉన్న పుల్లను ఏరి, తుండుగుడ్డతో తుడిచి, మోటారు వచ్చినంక పనికొస్తుందని డబ్బా మీద భద్రంగా పెట్టాడు.