తెరచాప అవతలి కొస

ఇది నేను కల్పించింది కాదు. రాసి బతికేవాణ్ని కాబట్టి ఈ మాట ముందే చెప్పాలి. ఈ రాత్రిని నేను రాయలేదు. అది జరిగింది. మీరు నవ్వినా ఫర్వాలేదు… ముందు వినండి.

తెలంగాణ ఉద్యమం రోజులు. మర్నాడు బంద్. దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో, మేడ మీది పోర్షన్‌లో ఒక్కణ్నే ఉంటున్నాను. అంతకు ముందు వానాకాలం దాకా ఇద్దరం. నా భార్య రమ, నేను. జ్వరమని ఆసుపత్రిలో చేరిన మనిషి తిరిగి రాలేదు.

రమది నల్లగొండ వైపు, నాది మచిలీపట్నం. పడవ పిచ్చి నాదే, ఆమెకు అంటించాను. హుస్సేన్‌సాగర్‌లో ఇద్దరు నడిపే చిన్న తెరచాప పడవ మాది. అక్కడ గాలి మధ్యాహ్నం లేస్తుంది. అందుకే ఉద్యోగం మానేసి, పత్రికలకూ కంపెనీలకూ విడిగా రాసిపెట్టే పని పెట్టుకున్నాను. తెల్లవారుజామున రాత, మధ్యాహ్నం నీళ్లు. రాత తెమలని రోజు రమ గుమ్మంలో నిలబడేది.

"రైటర్ సారూ, పేపరోళ్లు ఆగుతరు. గాలి ఆగుతదా? లే."

ఉద్యమం వేడెక్కాక ఇంకోటి మొదలుపెట్టింది. "గంత సముద్రం పెట్టుకొని మా చెరువు మీద పడ్డవేంది?"

"ఆ సముద్రంలో నువ్వు లేవుగా," అనేవాణ్ని.

ఆమె పోయాక పడవ ఎక్కలేదు. రాతా సాగలేదు. తెరచాప అమ్మేసి, మళ్లీ ఉద్యోగంలో చేరిపోదామనుకున్నాను. కొనే కుర్రాడు పొద్దున్నే, బంద్ మొదలుకాకముందే ఎల్బీ నగర్ నుంచి బండి మీద వస్తానన్నాడు. అందుకని తెరచాపను మంచినీళ్లతో కడిగి డాబా మీద ఆరేశాను.

చీకటి పడ్డాక కరెంటు పోయింది. మామూలుగా మెయిన్ రోడ్డు మీది బస్సుల హోరు డాబా పైకి వస్తుంది. ఆ రాత్రి లేదు. దూరంగా ఎక్కడో "జై తెలంగాణ" అని కేకలు… అవీ ఆగిపోయాయి.

తెరచాప మడవడానికి ఇద్దరు కావాలి. ఒకరు ఈ అంచు, ఒకరు ఆ అంచు. ఇద్దరూ బిగువుగా లాగి పట్టుకుని, కింది నుంచి పైకి మడత మీద మడత వేసుకుంటూ పోవాలి. ప్రతి మడతకూ నేను "పట్టుకున్నావా?" అనేవాణ్ని. రమ "పట్టిన" అనేది. ఆ మాట వినకుండా లాగేవాణ్ని కాదు. నీళ్ల మీద పడవ తిప్పే ముందు కూడా అంతే.

ఒక్కణ్నే మొదలుపెట్టాను. అవతలి కొస జారింది. మళ్లీ వేశాను. మళ్లీ జారింది. మూడోసారి ఆలోచించకుండా అలవాటుగా అడిగేశాను.

"పట్టుకున్నావా?"

చప్పుడయింది.

ఆరిన తెరచాప కదిలితే దళసరి కాగితంలా గరగరమంటుంది. ఆ చప్పుడు అవతల నుంచి వచ్చింది. నేను కదల్లేదు. నా చేతిలో గుడ్డ నెమ్మదిగా… బిగిసింది.

గాలి కాదు. గాలి పట్టుకుంటే తెరచాప ఉబ్బుతుంది, కొట్టుకుంటుంది. ఇది నేను లాగినంతే లాగింది. నేను వదిలినంతే వదిలింది. కళ్ల ముందు తెల్లటి గుడ్డ కొంత దూరం కనిపిస్తోంది. ఆ పైన చీకటి.

జేబులో టార్చ్ ఉంది. చెయ్యి దాని మీదకు వెళ్లింది… తీయలేదు. అవతల ఎవరైనా ఉంటారని కాదు నా భయం.

మడత వేశాను. అవతల కూడా పడింది. మళ్లీ అడిగాను. మళ్లీ బిగిసింది. చివరి దాకా అలాగే. చివరి మడత పడ్డాక అవతలి కొస ఒక్కసారిగా తేలికైపోయింది.

తెల్లవారాక చూస్తే మడిచిన తెరచాప ఒక పక్కకు వాలి ఉంది. రమకు తొందర. తన వైపు మడతలు ఎప్పుడూ కాస్త వెడల్పుగా వేసేది, ఇలాగే వాలేది, నేను విసుక్కునేవాణ్ని. ఒక్కణ్నే చీకట్లో మడిచినా అలా వాలొచ్చు. బట్టల తీగ కట్టే ఇనుప కొక్కేనికి కొస తగులుకుని ఉండొచ్చు. కానీ కొక్కెం నేను వదిలినప్పుడల్లా తనూ వదలదు కదా.

కింద ఉండే ఓనరమ్మ యాదమ్మను అడిగాను, రాత్రి పైకి వచ్చారా అని.

"గీ మోకాళ్లతోని మెట్లెక్కుతనా బిడ్డా? ఏమైంది?"

చెప్పాను. ఆమె నా మొహం చూసి, చాయ్ గ్లాసు చేతిలో పెట్టింది.

"ఎవరో ఒకరు పట్టిండ్రు గదా. ఊకో."

కుర్రాడు వచ్చాడు. "జర విప్పి చూపియ్యన్నా, చిరుగులున్నయేమో."

మడతల మీద చెయ్యి వేశాను. విప్పలేకపోయాను.

"అమ్మడం లేదు తమ్ముడూ."

"గింత పొద్దుగాల పరేషాన్ చేసినవ్ గదన్నా," అన్నాడు. యాదమ్మ వాడికీ చాయ్ ఇచ్చింది.

ఉద్యోగంలో చేరలేదు. తెల్లవారుజామున మళ్లీ రాయడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకు, గాలి బాగున్న ఒక మధ్యాహ్నం, ఆ మడతలు నీళ్ల దగ్గరే విప్పాను.

ఆ రాత్రి అవతల ఏముందో ఇప్పటికీ తెలియదు. ఇప్పుడు మడిచేటప్పుడు, నాతో పడవ ఎక్కినవాళ్లు రెండో అంచు పట్టుకుంటారు. అడుగుతాను. "పట్టుకున్నా సార్," అంటారు.

ఆ మాట విన్నాక కూడా ఒక్క క్షణం ఆగుతాను… అప్పుడు లాగుతాను.