జానెడు బట్టకు నాలుగు చెంచాల గంజి

పిల్లల వైద్యంలో తర్ఫీదుకు వేలూరు వచ్చేటప్పటికి నా కూతురికి తొమ్మిది నెలలు. బిడ్డను చిత్తూరులో మా అమ్మ దగ్గర వదిలి వచ్చాను. రెండేళ్ల చదువు మూడేళ్లయినా సరే, వారానికి ఒకటిన్నర రోజు సెలవు కావాలని పెద్ద డాక్టరుగారిని అడిగాను. ఆయన కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకుని ఒప్పుకున్నారు. బదులుగా శనివారం పొద్దున గుడియాత్తం ఆస్పత్రిలో పిల్లల్ని చూడాలన్నారు. పల్లె వైద్యం నేర్చినట్టూ ఉంటుంది, అక్కడి నుంచి చిత్తూరుకు బస్సూ దొరుకుతుంది. నాలాగా చంటిబిడ్డను వదిలి చదువుకు బయలుదేరే డాక్టరమ్మల కోసం ఈ దారి సంగతి రాస్తున్నాను.

వేలూరులో ఆరున్నర బస్సు ఎక్కితే పది అణాలకు ఎనిమిదికల్లా గుడియాత్తంలో దిగుతారు. కిటికీ పక్క సీటు కోసం ఆరింటికే వెళ్లాలి. నాకైతే తొందరగా వెళ్లడం కష్టం కాదు. వేలూరు పక్క తొరపాడిలోని నా గదిలో వారమంతా ఊసులాడే మనిషి లేదు, శుక్రవారం సాయంత్రమే సంచి సర్దుకుని కూర్చుంటాను.

"మీ చిత్తూరు వేరే రాష్ట్రమైపాయ గదమ్మా, ఇంక పోనిస్తారా నిన్ను?" అని కండక్టరు ఆటపట్టించాడు.

"నా బిడ్డ ఆ పక్కనుండాదప్పా. గోడ కట్టినా దూకి పోతా."

మొన్న శనివారం తొమ్మిదికి నేతగాళ్ల వీధి నుంచి మునెమ్మ వచ్చింది. చంకలో పది నెలల మగబిడ్డ, రాత్రి నుంచి భేదులు. ఉప్పు కలిపిన పల్చటి గంజి అరగంటకోసారి నాలుగు చెంచాలు పొయ్యమన్నాను. సరేనని తల ఊపి వెళ్లింది.

చిత్తూరు బస్సు రెండింటికి. దారిలోనే కదా అని ఒంటిగంటకు వాళ్లింట్లోకి తొంగిచూశాను. మగ్గం పక్క చీర ఉయ్యాలలో బిడ్డ కళ్లు లోతుకు పోయి, ఏడ్చే ఓపిక కూడా లేకుండా ఉన్నాడు.

"ఎన్నిసార్లు పోసినావమ్మా?"

"మూడుసార్లు తల్లీ. లెక్క తప్పలా," అంటూ మగ్గం మీది బట్ట చూపించింది. "మా ఇంట గడియారం యాడిది? అరగంటకు జానెడు నేస్తా. జానెడైనప్పుడల్లా ఎర్రపోగు ఏసి గంజి పోసినా."

బట్టలో మూడే ఎర్రపోగులున్నాయి. ఎనిమిది ఉండాలి. బిడ్డ మూలిగినప్పుడల్లా లేచి చూసిందట, నేత సాగలేదు. ఎంత కనిపెట్టుకుని ఉంటే గంజి అంత ఆలస్యమైంది. ఆమెను ఏమనగలను? గడియారం లేని ఇంటికి గంటల లెక్క చెప్పి పంపింది నేను.

చెంచా తీసుకుని కూర్చున్నాను. రెండింటికి వీధి చివర బస్సు హారన్ మోగింది. మళ్లీ బస్సు ఆదివారం మధ్యాహ్నమే. ఆ రాత్రికే వేలూరు ఆస్పత్రిలో నా డ్యూటీ. పోతే బిడ్డ ఏమవుతాడోనని భయం, ఉంటే నా కూతురు గుమ్మం వైపు చూస్తుందని బాధ. హారన్ రెండోసారి మోగి ఆగిపోయింది. ఏడుపొచ్చింది, చెంచా మాత్రం ఆపలేదు.

"నీకు పిల్లలుండారా తల్లీ?"

"ఒక పాప. మా అమ్మ చూసుకుంటాంది."

మునెమ్మ నా చేతిలో బెల్లంముక్క పెట్టింది. పొద్దుగూకేవేళకు బిడ్డ నా ఒడి తడిపి, పాలకోసం గట్టిగా ఏడ్చాడు. ఒంట్లో నీరు నిలిచిందన్నమాట. మునెమ్మా నేనూ ఆ తడిచీర చూసి నవ్వాం.

గదికి వచ్చాక మాత్రం నవ్వు రాలేదు. నా చదువూ ఆ బట్టలాంటిదే, బిడ్డకోసం లేచినప్పుడల్లా ఆగుతుంది. ఈసారి ఇంకొకరి బిడ్డకోసం లేచాను. తప్పు చేశాననుకోను, కానీ మా పాపకు ఆ మాట ఎవరు చెబుతారు?

ఈ దారిన వచ్చేవాళ్లు చేతిగడియారం ఒకటి అదనంగా తెచ్చుకోండి. నాది మునెమ్మ మగ్గానికి వేలాడుతోంది. పెద్దముల్లు పైకెళ్లినప్పుడూ కిందికొచ్చినప్పుడూ గంజి పొయ్యమని చూపించి వచ్చాను. ఈరోజు శుక్రవారం. నా కూతుర్ని చూసి పన్నెండు రోజులు. ఆ లెక్కకు నాకు గడియారం అక్కర్లేదు.